పండ్రెండువందల రూపాయల జోడు

పాఠశాలా వార్షిక సంచికకు వ్యాయామోపాధ్యాయుఁడు వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు ఆరోగ్యమే మహాభాగ్యమనియో, క్రీడలవలని లాభములనియో శీర్షిక నుంచుట వాడుక. మేమును గడచిన సంవత్సరములలో అట్టివి రెండు వ్రాసియున్నాము. వానిని మా విద్యార్థులు చదివిరో లేదో మే మెఱుఁగము. ఈ సంవత్సరము మాత్రము ఒక జత బూట్లనుగూర్చి వ్రాయుటకుఁ బూనితిమి. ఇందుకు చదువరులు నవ్వవచ్చును. కాని గత జూను నెలలో ఒక తల్లి మమ్ము నొక ప్రశ్న యడిగెను. దానికి మేము తొందరపడి యిచ్చిన సమాధానము తప్పని నవంబరునాఁటికిఁ దేలినది. ఆ సమాధానమును దిద్దుకొనుటకే యీ నాలుగు పుటలు.

పాఠశాలలు తెఱచిన రెండవ వారమున ఒకనాఁటి సాయంకాలము, డ్రిల్లు ముగించి బంతులను గదిలోఁ బెట్టి తాళము వేయుచుండగా, తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు తల్లిని వెంటఁబెట్టుకొని వచ్చెను. ఆమె మిరపకాయల గోదాములో తొడిమలు తీయు పనికిఁ బోవునది. చేతులకు మిరపఘాటు అంటియుండుటచేఁ గాఁబోలు, ఆమె బూట్లపెట్టెను దారముతోఁ బట్టుకొని వచ్చెనే గాని లోపలి జోడును తాను ముట్టుకొనలేదు, కుమారునిచేతనే తీయించెను. నీలిరంగు జోడు. క్రొత్త రబ్బరువాసన యింకను పోలేదు.

"అయ్యగారూ, పన్నెండు వందలు పెట్టానండి. మావాడు రోజూ పరుగెత్తుతానంటున్నాడు. దానికి ఆగుద్దా, ఊరికే చూపులకేనా?" అని యామె యడిగెను.

ఆ ప్రశ్న ఎంత సరియైనదో నాఁడు మేము గ్రహింపలేదు. అంగడిలో బూట్లు కొనువారు పెక్కురు రంగు చూతురు, పేరు చూతురు, ధర చూతురు. ఆమె చూపులకు వేఱు, నిత్యము పరుగునకు వేఱు అని విడదీసి యడిగెను. మేము జోడును చేతఁబట్టి అటు నిటు వంచి, బొటనవ్రేలితో నొక్కి చూచి, "భేషుగ్గా ఆగునమ్మా, ఒక సంవత్సరమువఱకు మీకు దిగులు లేదు" అంటిమి. ఆమె సంతోషముతో వెడలెను. భేషుగ్గా నన్న మాటలో తప్పు లేదు. సంవత్సరమన్న మాటలోనే యున్నది.

ముందుగా నాఁడు మేము చేసిన పరీక్ష యెట్టిదో చెప్పుదుము; తలిదండ్రులకు అంగడిలో నక్కఱకు వచ్చును. బజారులో స్పోర్ట్సు షూ అను పేరుతో నమ్మునవన్నియు పరుగునకుఁ దగినవి కావు. వానిలోఁ గొన్నిటి యడుగు పి.వి.సి. యను గట్టి ప్లాస్టికుతో పోఁత పోసినది. అది బరువు, నొక్కిన లొంగదు. బజారునకు నడచిపోవుటకు, పెండ్లిండ్లకుఁ బోవుటకు చాలును. పరుగునకుఁ బనికివచ్చు బూటులో పాదమునకును నేలకును నడుమ ఇథిలీను వినైలు ఎసిటేటు అను పదార్థమును పొంగించి చేసిన మెత్తని పొర యుండును. దానినే ఈ.వి.ఏ. ఫోమందురు. కోసి చూచినచో ఇడ్లీలోవలె లెక్కలేనన్ని సన్నని గాలిగదులు దానిలో నుండును. పాదము మోపినప్పుడు ఆ గదులు నలఁగి, ఎత్తినప్పుడు మఱల పొంగును. కనుక మొదటి పరీక్ష బొటనవ్రేలిది. ప్రక్కనుండి మడమక్రింద గట్టిగా నొక్కినచో కొంచెము లొంగి, వ్రేలు తీయఁగానే యథాస్థితికి రావలెను. రాయివలె నున్నను కూడదు. నొక్కిన గుంట నిలిచిపోయినను కూడదు.

పిదప ముందటి భాగమును మడమను చెఱియొక చేతఁ బట్టి వంచవలెను. మన పాదము వ్రేళ్ళ మొదళ్ళయొద్ద వంగునే గాని నడుమ వంగదు. బూటును అక్కడనే వంగవలెను. నడుమకు అట్టముక్కవలె మడఁతపడునది వలదు. తడిగుడ్డను పిండునట్లు మెలిపెట్టినప్పుడు కొంత బిగి చూపవలెను. మడమవెనుక గోడను వ్రేళ్ళతో నొత్తినప్పుడు పూర్తిగాఁ గూలిపోరాదు. రెండు బూట్లను సమమైన బల్లమీఁదఁ బెట్టి వెనుకనుండి చూడవలెను. చౌకసరుకులో జిగురుపని సరిగా కుదరక ఒకటి లోపలికి వ్రాలియుండుట మేము పలుమాఱులు చూచితిమి. అది ధరయొక్క దోషము గాదు, ఆ జతయొక్క దోషము. మొగమాటపడక మఱియొక జత నడిగి తీసికొన్నఁ జాలును. చివరకు తలక్రిందులు చేసి అడుగు చూడవలెను. ధర తగ్గించుటకు కొందఱు రబ్బరును బొత్తిగా మానివేసి ఫోమునే నేలకుఁ దగులనిత్తురు. మా యూరి కంకరదారిమీఁద అది సబ్బుబిళ్ళవలె నఱుగును. మడమ వెలుపలియంచునను వ్రేళ్ళక్రిందను రబ్బరుముక్కలు రెండున్నను మేలే.

ఇవన్నియు సరిపడినను కొలత సరిపడనిచో వ్యర్థము. ఇచ్చట తలిదండ్రులమీఁద మాకొక చిన్న ఫిర్యాదు కలదు. ఎదిగే పిల్లవాఁడని చెప్పి రెండంకెలు పెద్దదిగాఁ గొందురు. చొక్కా విషయమున నది చెల్లును. చేతులు మడిచి తొడుగుకొనవచ్చును. పెద్దబూటులో పాదము జాఱి వ్రేళ్ళు ముందునకుఁ గొట్టుకొనును, గోళ్ళు నల్లబడును, మడమ బొబ్బలెక్కును. నిలుచున్నప్పుడు అన్నిటికంటె పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు చోటున్నఁ జాలును. అదియు సాయంకాలము, పాదములు కొంచెము ఉబ్బియున్నవేళ, మేజోళ్ళు తొడిగి చూడవలెను. ఆ తల్లి యీ విషయమున మాకంటె నేర్పరి. కుమారుని కాగితముమీఁద నిలువఁబెట్టి పాదముచుట్టును పెన్సిలుతో గీసి, ఆ కాగితమును అంగడికిఁ గొనిపోయెనఁట.

మా పాఠశాలలో చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన పెద్ద యొకరు, మేము బూట్లనుగూర్చి యింత మాటలాడుట విని, "మా కాలమున వట్టికాళ్ళతోనే పరుగెత్తితిమి గదా" అనిరి. 1960వ సంవత్సరమున రోము ఒలింపిక్కు మారథానులో ఇథియోపియా దేశీయుఁడగు అబెబె బికిలా వట్టికాళ్ళతోఁ బరుగెత్తి 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో గెలిచిన మాట నిజమే. 1964లో టోక్యోనగరమున అతఁడే బూట్లు తొడిగి 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో మఱల గెలిచిన మాటయు నిజమే. దీనివలన ఏ పక్షము నెగ్గినదో మేము చెప్పఁజాలము. మా కాలువగట్టుమీఁద తుమ్మముళ్ళును గాజుపెంకులును గలవని మాత్రము చెప్పఁగలము.

ఇఁక జరిగినదానికి వత్తుము. జూను నడుమనుండి ఆ బాలుఁడు వారమునకు ఆఱుదినములు తెల్లవాఱుజామున లేచి కాలువగట్టు వెంబడి 5 కిలోమీటరులు పరుగెత్తుచుండెను. ఎవరును లేపనక్కఱలేదు. ఊపిరి చక్కనిది, అడుగు తేలికైనది. ఆగస్టు నడుమ జిల్లాపోటీలు దగ్గఱపడుచున్నవని మేమే ఆ 5ను ఒక్కసారిగా 7 చేసితిమి. నవంబరు మొదటివారమున అతఁడు కుంటుచు వచ్చెను. కుడి ముంగాలి యెముక లోపలియంచు పొడుగునను నొప్పి యనెను. పోటీలనఁగానే పిల్లలకు కడుపునొప్పి, కాలునొప్పి వచ్చుట మేము చూడనిది కాదు. భయపడుచున్నాఁడని తలఁచి నలుగురి యెదుట మందలించితిమి. అతఁడు మాఱుమాట యాడలేదు. మఱి రెండువారములకుఁ బైగా పరుగెత్తెను. ఒకనాఁడు మేడమెట్లు దిగలేక గోడ పట్టుకొని నిలిచిపోయెను.

వైద్యుఁడు చూచి, ఎముక విఱుగలేదు గాని విఱుగుటకు మొదలిట్లే యుండును, ఆఱువారములు పరుగు మానవలెనని చెప్పెను. జిల్లాపోటీల దినమున అతఁడును మావెంట వచ్చెను. తోడివారి చొక్కాలకును నీళ్ళసీసాలకును కావలి కూర్చుండెను. తనకు బదులుగాఁ బరుగెత్తినవాఁడు నాలుగవవాఁడుగా వచ్చినప్పుడు అందఱికంటె ముందు లేచి చప్పట్లు కొట్టినవాఁ డతఁడే.

వైద్యుని యొద్దకుఁ బోయివచ్చిన రాత్రియే మేమా జోడును తెప్పించి చూచితిమి. అయిదు నెలలలో అది మొదటిసారి. పైగుడ్డ యెక్కడను చినుఁగలేదు. నీలిరంగు కొంచెము వెలిసినది, అంతే. అడుగున రబ్బరు మడమయంచున నునుపెక్కినది గాని యఱిగిపోలేదు. దూరమునుండి చూచినవారు ఇంక నొక సంవత్సరము వచ్చునందురు. కాని మడమక్రింద ప్రక్కలను ఫోముమీఁద ముసలివాని మొగమునందువలె ముడుతలు పడియున్నవి. నొక్కిన వ్రేలికి ఎదురు తన్నుట లేదు, చెక్కవలె నున్నది. బల్లమీఁదఁ బెట్టఁగా కుడిబూటు లోపలికి వ్రాలినది. బూటు పైన కనఁబడు చోట చావదు, లోపల చచ్చును.

పిమ్మట కాగితము తీసి లెక్క వేసితిమి. ఎనిమిది వారములు, వారమునకు 30 చొప్పున 240 కిలోమీటరులు. పదునాలుగు వారములు, వారమునకు 42 చొప్పున 588. మొత్తము 828. కిలోమీటరునకు సుమారు వేయి యడుగులు పడును. అడుగడుగునకు పాదముమీఁద శరీరపు బరువునకు రెండుమూఁడింతల యదటు పడును. అనఁగా ఒక్కొక్క బూటు నాలుగు లక్షలసార్లు ఆ దెబ్బ తినినది. ఉన్నది ఒక్కటే జోడు గనుక బడికి వచ్చినది, పాలు తెచ్చినది, క్రికెట్టు ఆడినదియు దానితోనే. అది లెక్కలో లేదు. నిత్యము పరుగెత్తువారు 500 మొదలు 800 కిలోమీటరులలోపల బూటు మార్చుట వాడుక. 1985లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధనలో యంత్రముక్రింద నలిపి చూచిన బూట్లు 250 మొదలు 500 మైళ్ళకు వచ్చునప్పటికి, అదటును మ్రింగు తమ మొదటి శక్తిలో 60 శాతముకంటెఁ దక్కువయే నిలుపుకొనినవి. ఈ సంగతి మేము చదివియు నున్నాము. చదివినది పుస్తకములో నుండిపోయినది. సంవత్సరమన్న మాట నోటివెంట వచ్చినది.

నేరమంతయు బూటుమీఁద మోపుట సులభము. కాని 5ను 7 చేసినది బూటు గాదు. నొప్పి యన్న పిల్లవానిని మఱి రెండువారములు పరుగెత్తించినది బూటు గాదు. ఎంతపాలు దేనిదో విడదీయుట మా తరము గాదు.

మఱునాఁడు ఆ తల్లి వచ్చెను. మమ్ము నిందించునని యెదురుచూచితిమి. నిందించినచో మాకు కొంత తేలికగా నుండెడిది. ఆమె, "తక్కువది కొన్నానండి, అందుకే వాడి కాలు ఇట్టా అయింది. అప్పు తెచ్చయినా మంచిది కొనాల్సింది" అనెను. తన బీదతనమే కుమారుని కాలికిఁ దగిలినదని యామె రాత్రియెల్ల తలఁచుకొన్నట్లు మొగమే చెప్పుచున్నది.

అది నిజము గాదని యామెకుఁ జెప్పవలసిన భారము మామీఁద నుండెను. స్కాట్లండులోని డండీ నగరమున పరిశోధకులు మూఁడు కంపెనీల బూట్లను, ఒక్కొక్క కంపెనీలో చౌకది, నడిమిది, ఖరీదైనది చొప్పున తీసికొని, వానిని తొడిగినవారి యరికాళ్ళక్రింద పడు ఒత్తిడిని కొలిచిరి. 40 పౌనుల బూటు 70 పౌనుల బూటుతో సమానముగాఁ గాపాడినది. కొన్నియెడల నంతకంటె మేలుగాఁ గూడ. ఆ ఫలితములు 2008లో అచ్చుపడినవి. అయితే మిరపగోదాములో పనిచేయు తల్లికి డండీ యననేమి? పైగా మన పండ్రెండువందల జోడును వారు చూడలేదు గదా. కావున మేమా మాట విడిచి, మా లెక్క కాగితమును ఆమె ముందఱ పెట్టి, బూటునకు వయస్సు నెలలలో లేదమ్మా, దూరములో నున్నది, మీవాఁడు దానిని పూర్తిగా వాడివైచినాఁడు, చూడక సంవత్సరమని చెప్పినవారము మేము, అని వివరించితిమి.

ఆమె కాగితమువంక కొంతసేపు చూచి, "అంటే ఇది కిలోల లెక్కండి, రోజుకూలి కాదు" అనెను.

తొడిమలు తీయువారికి గోదాములో కాయల తూకమునుబట్టి కూలి యిత్తురు. మేము రెండు పుటలలోఁ జెప్పఁజూచినదానిని ఆమె యొక్క ముక్కలోఁ జెప్పెను.

ఆ లెక్కనే యింకొకవిధముగాఁ జూచినచో చౌకజోడునకు న్యాయము జరుగును. 1200 రూపాయల జోడు 600 కిలోమీటరులు వచ్చినచో కిలోమీటరునకు 2 రూపాయలు. 6000 రూపాయల జోడు అదే ధరకు రావలెనన్న 3000 కిలోమీటరులు పరుగెత్తవలెను. అది యంత రాదు. ఖరీదైనదానిలో తేలికదనము గలదు, అడుగు ఎదురుతన్ను హుషారు గలదు. పోటీలలో క్షణములు లెక్కించువారికి దాని విలువ దానికిఁ గలదు. తొమ్మిదవ తరగతి బాలుఁడు తెల్లవాఱి 5 కిలోమీటరులు పరుగెత్తుటకు అది యక్కఱలేదు. మెత్తదనము మాత్రము అక్కఱయే. లక్సెంబర్గు దేశమున 848 మందికి చూపునకు ఒక్కటిగా నుండి యొకటి మెత్తనిది, ఒకటి గట్టిది యగు బూట్లనిచ్చి ఆఱునెలలు గమనించిరి. 2020లో ప్రకటించిన ఆ ఫలితములలో గట్టిబూట్లవారికే దెబ్బలెక్కువ తగిలినవి. విచిత్రమేమన, ఆ భేదము స్పష్టముగాఁ గనఁబడినది తక్కువ బరువుగలవారియందు. స్థూలకాయులకే మెత్తనిబూటు, బక్కపిల్లలకు ఏదైనను చాలునని మేము తలఁచుచుంటిమి. ఆ పరిశోధన పెద్దవారిమీఁద జరిగినది, పిల్లలమీఁద గాదు. అయినను మా తలంపును మేము మానుకొంటిమి.

చౌకజోడు దేనికిఁ జాలదో కూడ చెప్పవలెను. దినమునకు 10, 15 కిలోమీటరులు పరుగెత్తువానికి అది రెండుమూఁడు నెలలలో ముగిసిపోవును. అతనికి రెండు జతలు మార్చి మార్చి తొడుగుకొనుట మేలు. ఇంతకుముందే కాలినొప్పి గలవాఁడు వైద్యుని యడుగక ధరనుబట్టి కొనరాదు. వానకాలమున తడిసిన సిమెంటుమీఁద కొన్నిటి రబ్బరు జాఱును. మా విద్యార్థు లొకరిద్దఱు పాఠశాల వరండాలోనే దానిని కనుగొనిరి.

సంక్రాంతి సెలవుల పిమ్మట ఆ బాలునికి రెండవజోడు వచ్చెను. అదే అంగడి, అదే ధర. ఈసారి రంగు నలుపు. మేము కొనియిత్తుమన్న తల్లి యొప్పుకొనలేదు. పరీక్షించుటకు మాత్రము మమ్ము అంగడికిఁ బిలిచెను. మొదటిజత ఎడమబూటు మడమ వంకరగా నుండఁగా త్రిప్పి పంపి, రెండవజత తీసికొంటిమి. ఆ జోడు పరుగునకు మాత్రమే. ప్రధానోపాధ్యాయులవారి యనుమతితో అతఁడు బడికి చెప్పులతో వచ్చుచున్నాఁడు. బూట్లను వేఁడినీళ్ళలో నానవేయరాదనియు, ఎండలోను ఇనుపరేకుమీఁదను ఆఱవేయరాదనియుఁ జెప్పితిమి. మన యెండవేఁడికి ఫోము కుంచించుకొనిపోవును, జిగురు వదలును. లోపలి అట్ట తీసి, పాతపత్రికలు కుక్కి, నీడలో ఆఱఁబెట్టుచున్నారు.

పరుగు వారమునకు 9 కిలోమీటరులతో మొదలుపెట్టి, నొప్పి లేదని అతఁడే చెప్పిన పిదప కొంచెము కొంచెముగాఁ బెంచి 20కిఁ దెచ్చితిమి. ప్రతిదినము పరుగెత్తిన దూరమును పాత గణితపు నోటుపుస్తకము వెనుక కాగితములలో అతఁడు వ్రాయును, తల్లి కూడును. ఈ వ్యాసము వ్రాయునాఁటికి మొత్తము 119. అయిదువందలకు అటునిటుగా మార్చవలెనని మేము ముగ్గురము అనుకొన్నాము.

మొన్న ఆమె గోదామునుండి పోవుచు పాఠశాల గేటువద్ద ఆగి, జూనులో బడులు తెఱచువఱకు ఈ జోడు వచ్చునా యని యడిగెను. లెక్క ప్రకారము వచ్చును. అయినను వచ్చునని మేమనలేదు. నెలకొకసారి, మొదటి శనివారము, జోడును మాయొద్దకుఁ బంపవలెనని చెప్పితిమి. ఈ నెల చూచితిమి. మడమక్రింద ఫోము వ్రేలికి ఎదురు తన్నుచునే యున్నది. కుడిబూటు లోపలియంచున మాత్రము వెండ్రుకవంటి ముడుత యొకటి క్రొత్తగాఁ గనఁబడినది. దానికి రెండుకొనల పెన్సిలుతో గుర్తుపెట్టి, నోటుపుస్తకములో తేదీ వేసి, జోడును అతనికి తిరిగి యిచ్చితిమి.